తుక్కులోని యాక్సిల్‌ను గుర్తుపట్టడం

అందరికీ నమస్కారం.

పాత పికప్ ట్రక్కు తుక్కుకు చేరిందంటే ఇంజన్ పాడై ఉండొచ్చు, బాడీ తుప్పు పట్టి ఉండొచ్చు. వెనుక యాక్సిల్ మాత్రం చాలాసార్లు ఇంకా గట్టిగానే ఉంటుంది. దాన్ని తూకానికి అమ్మేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కానీ అమ్మేవాళ్లు చెప్పిన పేరు నమ్మి కొనకండి. ఎప్పుడో ఎవరో ఆ బండికి వేరే యాక్సిల్ వేసి ఉండొచ్చు. మీరే చూడాలి, లెక్కపెట్టాలి, కొలవాలి.

మొదట యాక్సిల్ మధ్యలోని గేర్ల గుండుకు వెనుకవైపు ఉండే మూత చూడండి. మూతే లేకుండా, గేర్ల భాగమంతా ముందువైపు నుంచి ఊడి వచ్చేలా ఉంటే అది ఫోర్డ్ 9 అంగుళాలది కావచ్చు. ఆ 9 అంగుళాలు క్రౌన్ గేర్ (లోపలి పెద్ద పళ్ల చక్రం) వ్యాసం. మూత ఉంటే చాలామంది బోల్టులు లెక్కపెట్టి ఆగిపోతారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. ఫోర్డ్ 8.8, డానా కంపెనీవైన డానా 44, డానా 60, అన్నిటికీ 10 బోల్టులే. అందుకే మూత ఆకారం కూడా చూడాలి. డానా అయితే ట్యూబు మీద వైర్ బ్రష్‌తో రుద్దండి, గుద్దిన నంబరు బయటపడుతుంది.

జనరల్ మోటార్స్ 14 బోల్టులదీ ఇదే కథ. 10.5 అంగుళాలదానికీ, 9.5 అంగుళాలదానికీ మూతకు 14 బోల్టులే. తేడా హబ్‌లో, అంటే చక్రం బిగించే మధ్యభాగంలో తెలుస్తుంది. 10.5 అంగుళాలది ఫుల్ ఫ్లోటింగ్ రకం. హబ్ బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. బండి బరువు హౌసింగే (బయటి గొట్టం) మోస్తుంది, లోపలి షాఫ్ట్ చక్రాన్ని తిప్పుతుందంతే. 9.5 అంగుళాలది సెమీ ఫ్లోటింగ్, అందులో షాఫ్టే బరువూ మోస్తుంది. బరువులు లాగే ట్రైలర్ పనికైతే నేను మొదటిదే తీసుకుంటాను.

ఇక గేర్ రేషియో, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి పినియన్ (క్రౌన్‌ను తిప్పే చిన్న గేర్) ఎన్ని చుట్లు తిరగాలో. మూత విప్పితే పళ్లు లెక్కపెట్టండి. క్రౌన్‌కు 41, పినియన్‌కు 11 ఉంటే 3.73. విప్పడం కుదరకపోతే, మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, లాక్ అయ్యే రకం కాదు) అయితే, ఒక చక్రం కదలకుండా పట్టుకుని రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే రేషియో. చక్రం మీద, పినియన్ మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటే లెక్క తప్పదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్లకండి, స్టాండ్లు పెట్టండి.

మూత విప్పినప్పుడు నూనెను వేళ్ల మధ్య రుద్ది చూడండి. సన్నటి బూడిద రంగు పొడి మామూలే. పెచ్చులు తగిలితే వదిలేయండి. పాత బ్రేకు డ్రముల్లోని దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టి ఊదకండి.

కొనేముందు ఒక చక్రం బిగించే ముఖం నుంచి అవతలి ముఖం దాకా టేపుతో కొలవండి. చక్రం బోల్టుల వరస మీ చక్రాలకు సరిపోతుందో చూడండి. వెడల్పు సరిపోయినా కమాన్ పట్టీల కింది పీఠాలు మీ బండి కొలతకు ఉండకపోవచ్చు. పాతవి కోసి కొత్తవి వెల్డింగ్ చేయాల్సి వస్తే, ముందు వెల్డింగ్ చుక్కలు మాత్రమే పెట్టి, బండిని దాని బరువుతో నేల మీద నిలబెట్టి, పినియన్ కోణం సరిచూశాకే పూర్తి వెల్డింగ్ చేయండి. అదీ ఒక్కసారిగా కాదు, అటు కొంచెం ఇటు కొంచెం. వేడి ఒకేచోట ఎక్కువైతే ట్యూబు వంగుతుంది, దానితో బేరింగులూ ఆయిల్ సీళ్లూ త్వరగా పోతాయి.