ముందుగా కాళ్ళు లెక్కపెట్టండి

శ్రోతలందరికీ నమస్కారం.

పోయిన జూన్‌లో, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో, మా ఇంటి పెరట్లో జరిగిన చిన్న సంగతి చెబుతాను. రాత్రంతా కుండపోతగా కురిసిన వాన తెల్లవారేసరికి తెరిపి ఇచ్చింది. పళ్ళు తోముకోవడానికి పెరట్లోకి వెళ్ళిన మా మనవరాలు అక్కడి నుంచే కేక పెట్టింది. "అమ్మమ్మా, రక్తం చుక్క నడుస్తోంది!"

పరుగున వెళ్ళి చూశాను. జామచెట్టు మొదట్లో, తడి మట్టి మీద ఆరుద్ర పురుగు! దాన్ని చూసి ఎన్నేళ్ళయిందో. చింతగింజలో సగం ఉంటుందేమో. ఒళ్ళంతా ముఖమల్ గుడ్డ కప్పినట్టు ఒత్తైన ఎర్రటి నూగు. అంత వానలో తడిసిన నేల మీద తిరుగుతున్నా దాని ఒంటికి మట్టి అంటలేదు. మనవరాలు వేలి కొనతో తాకింది. కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని గురివింద గింజలా ఉండిపోయింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. కాసేపటికి ముందరి కాళ్ళు రెండూ మెల్లగా బయటికి చాచి, నేలను తడిమి తడిమి చూసుకుని, మళ్ళీ బయలుదేరింది.

మా మాటలు విని గోడ అవతల నుంచి పొరుగింటి ఒడియా ఆవిడ తొంగి చూసింది. "సాధబ బొహూ!" అని చిన్నపిల్లలా మురిసిపోయింది. సాధబ అంటే ఓడలెక్కి వ్యాపారానికి వెళ్ళే షావుకారు. బొహూ అంటే కోడలు. జావా, బాలి ద్వీపాల దాకా సరుకు తీసుకుపోయిన కళింగ వర్తకుల ఇంటి కోడలన్న మాట. ఎర్ర పట్టుచీర కట్టుకుని గడప దాటి వాకిట్లోకి వచ్చింది! ఇంత చక్కని పేరు పెట్టిన వారికి చేతులెత్తి మొక్కాలనిపించింది.

చూడండి, మన తెలుగు పేరు ఆ జీవి ఎప్పుడు వస్తుందో చెబుతోంది. జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె ప్రవేశిస్తుంది. తొలకరి వానలు నేలలోకి ఇంకే కాలం అది. అప్పటిదాకా మట్టిలో దాగి ఉన్న ఈ జీవి ఆ వానలకే పైకి వస్తుంది. ఒడియా పేరు అది ఎలా ఉంటుందో చెబుతోంది. ఒక పేరు కాలం, ఒక పేరు రూపం. రెండు పేర్లూ తెలిసిన సరిహద్దు ఊరి పిల్లలు అదృష్టవంతులని నా నమ్మకం. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో ఉపాధ్యాయుడిగా ఉంటూనే సవర గిరిజనుల దగ్గర వారి భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. పొరుగువారి నోటి నుంచి మాట నేర్చుకోవడం ఈ ఊరికి కొత్త కాదు.

అయితే కాలం తెలిసింది, రూపం తెలిసింది. ఇంతకీ అది ఏ జాతిది? అది కాళ్ళు చెప్పాలి.

"లెక్కపెట్టు" అన్నాను. మనవరాలు నేల మీద బోర్లా పడుకుని లెక్కపెట్టింది. ఒకసారి ఏడు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిది. "కీటకాలకు ఆరు కాళ్ళని బళ్ళో చెప్పారు. మరి ఇది పురుగు కాదా అమ్మమ్మా?" అంది. ఆ ప్రశ్నకు నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను.

పురుగు అన్న మన మాట చాలా పెద్ద సంచి. పాకేవి, ఎగిరేవి, కుట్టేవి అన్నీ అందులో వేసేస్తాం. ఆరు కాళ్ళుంటే కీటకం. చీమ, ఈగ, తూనీగ, సీతాకోకచిలుక, అన్నిటికీ ఆరే. ఎనిమిది కాళ్ళుంటే సాలీడు, తేలు, నల్లి జాతి వర్గం. ఇక్కడ నల్లి అంటే మంచాల్లో కుట్టేది కాదు, ఇంగ్లీషులో మైట్ అనేది. మన ఆరుద్ర పురుగు నల్లి జాతిది, కంటికి ఆనని నల్లుల మధ్య ఇది ఏనుగు లాంటిది. ఒక చిక్కు మాత్రం ఉంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరు కాళ్ళే ఉంటాయి. ఆ దశలో మిడతల వంటి వాటి ఒంటిని పట్టుకుని బతుకుతుంది. పెద్దయ్యాక ఎనిమిది కాళ్ళతో మట్టిలో తిరుగుతూ పురుగుల గుడ్లను, చిన్న చిన్న జీవులను తింటుంది. మనిషికి దానివల్ల ఏ కీడూ లేదు.

మా చిన్నప్పుడు వీటిని ఏరి అగ్గిపెట్టెల్లో గడ్డి పరకలు వేసి దాచుకునేవాళ్ళం. మర్నాటికి చచ్చిపోయేవి. ఆ దుఃఖం నాకింకా గుర్తుంది. నూనె మందుల కోసం వీటిని ఏరి అమ్మే అలవాటు కూడా ఉంది. ఏడాదికి నాలుగు రోజులు కనబడే ప్రాణిని అలా సీసాలకెత్తడం నాకు బాధ కలిగిస్తుంది. మా మనవరాలు దాన్ని ఆకు మీదికి ఎక్కించి, మొక్కల పాదులో వదిలింది.

ఆ వారమంతా మా ఇంట్లో కాళ్ళ లెక్కలే. స్నానాల గదిలో జెర్రి కనబడితే దూరం నుంచే చూశాం. దానికి ఒంటి ఒక్కొక్క కణుపుకు ఒక్క జత కాళ్ళు, పక్కలకు చాచి ఉంటాయి. అది కరుస్తుంది, చెయ్యి పెట్టకూడదు. రోకలిబండకు కణుపుకు రెండేసి జతలు, ఒంటి కిందే ఉంటాయి. తాకితే చుట్ట చుట్టుకుంటుంది. కరవదు. రాలిన ఆకులు తిని మట్టికి బలమిస్తుంది. ఈ రెండిటినీ ఒకే చెప్పుతో కొట్టేసే వాళ్ళం మనం.

కాళ్ళు లెక్కపెట్టాలంటే ముందు చెయ్యి ఆగాలి. కొట్టబోయే చెయ్యి ఆగాలి. ఎందుకంటే వానాకాలంలో లైటు చుట్టూ చేరే పురుగుల్లో ఒకదాన్ని కొడితే నష్టం మనకే.

దాన్ని ఇంగ్లీషులో రోవ్ బీటిల్ అంటారు. వడ్లగింజంత ఉంటుంది, చూడటానికి చీమలా ఉంటుంది. తల నల్లన, మెడ దగ్గర నారింజ రంగు, నడుము మీద నీలి నలుపు మెరుపు, మళ్ళీ నారింజ రంగు, తోక చివర నలుపు. కాళ్ళు ఆరు. వరిచేల తేమలో బతుకుతూ పంట పురుగులను తినే జీవి ఇది. కుట్టదు, కరవదు. కానీ మెడ మీద వాలినప్పుడు నలిపేస్తే దాని ఒంట్లోని ద్రవం చర్మానికి అంటుకుంటుంది. మరుసటి రోజుకో, ఆ పై రోజుకో మంట, ఎరుపు, బొబ్బలు. "ఏదో పురుగు పాకింది" అంటాం. పాకినందువల్ల కాదు, నలిపినందువల్ల.

అది ఒంటి మీద వాలితే నోటితో ఊదండి, లేదా కాగితం ముక్క మీదికి ఎక్కించి బయట వదలండి. పొరపాటున నలిగితే ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకండి, వెంటనే సబ్బుతో కడుక్కోండి. ఈ రాత్రి పడుకునే ముందు పక్క దులిపి, మంచం నెత్తిన ఉన్న లైటు ఆర్పి, వాకిట్లో లైటు వేయండి. ఒకసారి దాని దగ్గరికి పిల్లలను తీసుకెళ్ళండి. అక్కడ లెక్కపెట్టడానికి చాలా కాళ్ళుంటాయి.

నమస్కారం.