గుండెకు పని చెప్పే భాగాన్నే యోగా దినోత్సవంలో వదిలేశారు!

నమస్కారం. యోగా చేస్తే ఇక నడక, పరుగు అక్కరలేదనే గురువులకూ, యోగా అసలు కార్డియోనే (గుండె వేగం పెంచే వ్యాయామం) కాదనే జిమ్ ట్రైనర్లకూ మధ్య సాగుతున్న రగడ మీరందరూ చూస్తున్నదే. నేను చెప్పేది ఒక్కటే. యోగాలో గుండెకు నిజంగా పని చెప్పేవి సూర్య నమస్కారాలు. వాటినే మనం వార్మప్ పేరుతో ఐదు నిమిషాల్లో ముగించేస్తున్నాం!

2007లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 20 మంది సాధకుల చేత హఠయోగం చేయించి, వారికి ఖర్చయిన శక్తిని కొలిస్తే, సగటున 2.5 మెట్ (MET, శ్రమను కొలిచే ప్రమాణం) మాత్రమే వచ్చింది. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి ఖర్చయ్యే శక్తి 1 మెట్. మధ్యస్థాయి వ్యాయామం అనిపించుకోవాలంటే కనీసం 3 ఉండాలి. అంటే చెమటోడ్చామనుకున్న ఆ సాధన అంతా గంటకు 3.2 కిలోమీటర్ల నడకకు, కూరగాయల సంచీతో బజారులో బేరమాడుతూ తిరగడానికి సమానం. అయితే 2016లో ఇలాంటి అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో సూర్య నమస్కారాలు కొన్నిచోట్ల 7.4 మెట్ల దాకా వెళ్లాయి. 6 చేరితే అది తీవ్ర వ్యాయామమే!

ఇది యాదృచ్ఛికం కాదని నా వాదన. నేటి సూర్య నమస్కారాలకు అంత ప్రచారం తెచ్చినది గుహలో కూర్చున్న యోగి కాదు, మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావు పంత్ ప్రతినిధి. ఆయన ఏళ్ల తరబడి జర్మన్ కండల వీరుడు యూజీన్ శాండో కసరత్తులు చేసి, వాటిని వదిలి వీటిని పట్టుకున్న వస్తాదు మనిషి. 1920లలో వీటిని బడిపిల్లల చేత కూడా చేయించారు. వ్యాయామశాలలో ఎదిగినవి కాబట్టే ఇవి ఆయాసం తెప్పిస్తాయి.

మరి 2015లో మొదలైన యోగా దినోత్సవపు ఉమ్మడి ప్రోటోకాల్‌లో, అంటే ఆ రోజు అందరూ చేసే సాధనల వరుసలో, ఇవి ఏవీ? అప్పట్లో మతపరమైన అభ్యంతరాలు వచ్చాయి, వీటిని చేర్చలేదు. ఆ సంగతి మీకు తెలుసు. ఆ అభ్యంతరాల మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ప్రపంచం మొత్తం చాపలు పరిచే రోజున ఆయాసం తెప్పించే భాగమే లేకుండా పోయింది. ఆ లోటు తెలిసినట్టుగా, 2025 జూన్ 20న విశాఖలో వేలాది గిరిజన విద్యార్థులు 108 సూర్య నమస్కారాలు చేశారు. కార్డియో అంటే అది!

నెమ్మదైన ఆసనాలు నడుముకు, మనసుకు మేలు చేస్తాయి, కాదనను. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు చేయమన్న మధ్యస్థాయి వ్యాయామపు లెక్కలో శవాసనాన్ని కలపకండి.

గుండె జబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. మిగిలినవారు పది నిమిషాలు ఆపకుండా సూర్య నమస్కారాలు చేస్తూ, ఒక పాట అందుకుని చూడండి: మాట్లాడగలిగినా పాడలేకపోతే గుండెకు పని పడినట్టే, చరణం దాకా హాయిగా సాగితే వేగం చాలనట్టే. మీ క్లాసులో ఎన్ని సూర్య నమస్కారాలు చేయిస్తున్నారో కామెంట్లలో రాయండి. పన్నెండు దాటని క్లాసులే ఎక్కువ ఉంటాయని నా పందెం.