నొప్పి తగ్గలేదంటే నమ్మండి

అమ్మలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో నడుము వంగిన పెద్దవాళ్లు ఇంకా కనిపిస్తారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి, సంతోషం. కానీ ఏళ్ల తరబడి తాగిన బోరునీళ్ల ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి తెచ్చిన నొప్పి పోలేదు. దానికి ఒకే గోలీ ఇద్దరు వేసుకుంటే ఒకరు లేచి తిరుగుతారు, ఇంకొకరు రాత్రంతా మూలుగుతారు. ఆ రెండో మనిషిని "వేషాలేస్తున్నవ్" అంటారు ఇంట్లోవాళ్లు. దయచేసి ఆ మాట అనకండి. ఆ తేడా పుట్టుకతోనే వచ్చి ఉండొచ్చు.

ఉదాహరణకు ట్రామడాల్ అనే నొప్పి మందు సంగతి చూడండి. కాలేయం దాన్ని మరో పదార్థంగా మారిస్తేనే నొప్పి మీద దాని బలం తెలుస్తుంది. మార్చేది సీవైపీ2డీ6 అనే ఎంజైమ్. దాని జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. రెండూ పనిచేయనివైతే గోలీ మింగినా ఉపశమనం అంతంతే. కొందరికి ఆ జన్యువు అదనంగా ఉంటుంది. వాళ్లలో మందు మరీ వేగంగా మారి మత్తు, వాంతులు, ఒక్కోసారి ఊపిరి మందగించడం దాకా పోతుంది. ఒంట్లో మార్ఫిన్‌గా మారే కోడీన్ అనే నొప్పి మందుదీ ఇదే దారి. అందుకే 12 ఏళ్లలోపు పిల్లలకు నొప్పి కోసం ఈ రెండూ ఇవ్వకూడదని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది.

ఇంకో చిక్కుంది. డిప్రెషన్‌కు వాడే ఫ్లూయోక్సెటిన్, పారోక్సెటిన్ ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అప్పుడు జన్యువు బాగున్నా ట్రామడాల్ సరిగా పనిచేయదు, పైగా ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. మనసుకు మందు వాడుతున్నామని డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడకండి.

ఐబుప్రొఫెన్, పైరాక్సికామ్ అనే నొప్పి గోలీలు ఒంట్లోంచి పోవాలంటే సీవైపీ2సీ9 అనే వేరే ఎంజైమ్ కావాలి. అది మందకొడిగా ఉన్నవాళ్లలో మందు ఎక్కువసేపు నిలిచి, కడుపులో రక్తస్రావం ముప్పు పెంచుతుంది. పక్కింటాయన చీటీతో మెడికల్ షాపుకు పోవద్దనేది ఇందుకే. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్‌కు కాలేయంతో పనిలేదు, కిడ్నీల గుండా పోతుంది. ఏళ్లుగా నొప్పి గోలీలు మింగినవాళ్లు ముందు కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి.

జన్యు పరీక్ష రక్తంతోనో ఉమ్మితోనో చేస్తారు. అందరికీ అక్కర్లేదు. నోటుబుక్కు మాత్రం అందరికీ కావాలి: గోలీ పేరు, ఎన్ని ఎంజీ, వేసుకున్నాక ఏమైంది, అదే మందు అమ్మకో తమ్ముడికో పడలేదా అన్నది రాసుకోండి. తగ్గలేదని మీ అంతట మీరు రెండు గోలీలు వేసుకోకండి.

ఇప్పుడు మీ సంచుల్లో ఉన్న గోలీల పట్టీలు బయటికి తీయండి, ఒక్కొక్కటే చూద్దాం.