పని ఎక్కడ ఆగుతోందో చూడండి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో రుషికొండ ఐటీ వాళ్లూ ఉన్నారు, స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్ కాంట్రాక్టు పనులు నడిపేవాళ్లూ ఉన్నారు. పనులు వేరైనా మన దగ్గరికొచ్చే ఫిర్యాదు ఒకటే: "ఫలానా ఆయన వల్లే లేటవుతోంది సార్." వెంటనే ఆ మనిషిని మార్చేయాలనిపిస్తుంది. అంతకన్నా ముందు, పని ఆయన చేతికి ఎలా వస్తోందో చూడాలంటాను నేను.

మధురవాడలో ఒక టీమ్ సంగతి చెప్తాను. టెస్టింగ్ చేసే కుర్రాడు రోజూ పొద్దున మీటింగులో "ఇంకా పెండింగ్ ఉందండీ" అనేవాడు. బద్ధకస్తుడని పేరు పడిపోయింది. బిల్డ్, అంటే టెస్ట్ చేయాల్సిన తాజా సాఫ్ట్‌వేర్, అతనికి ఏ టైముకు అందుతోందో మేనేజర్ ఒక వారం రాసిపెట్టారు. రోజూ సాయంత్రం ఆరు దాటాకే. గాజువాక వెళ్లే ఆఫీసు క్యాబ్ ఆరున్నరకి. మర్నాడు అతను మొదలుపెట్టేసరికి డెవలపర్లు అదే కోడ్ మళ్లీ మార్చేసేవారు. చేసిన టెస్టింగంతా బూడిదలో పోసిన పన్నీరే. మధ్యాహ్నం రెండింటికల్లా బిల్డ్ ఇవ్వాలని, అతను చూసేదాకా దాన్ని కదపకూడదని కట్టడి పెట్టాక పని గాడిన పడింది. మనిషి మాత్రం ఆ కుర్రాడే.

మరి అన్నాళ్లూ అతను ఎందుకు చెప్పలేదు? అసలు జబ్బు అదీ. అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్సన్ ఆసుపత్రి టీముల్ని పరిశీలిస్తే, బాగా కలిసి పనిచేసే టీముల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా బయటపడ్డాయి. వాళ్లు దాచకుండా చెప్పుకుంటున్నారని ఆమెకు అర్థమైంది. అందుకే, రిపోర్టులో నెలల తరబడి అంతా పచ్చగా, అంటే ఏ సమస్యా లేనట్టు, కనిపిస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది.

పదిమందిలో "ఏంటి ప్రాబ్లమ్?" అంటే "ఏం లేదండీ" అనే అంటారు. విడిగా కూర్చోబెట్టి, "నిన్న నీ పని ఎక్కడ ఆగింది, ఎంతసేపు?" అని అడగండి. అప్పుడు సంజాయిషీలు తగ్గి విషయం బయటికొస్తుంది.

అన్నిటికీ పద్ధతినే తప్పుపట్టలేం. నోటి దురుసుతో జూనియర్లను హడలగొట్టే సీనియర్ ఉంటే, ఎంత పనిమంతుడైనా సరే, పిలిచి సూటిగా చెప్పండి. మారకపోతే తప్పించండి.

లేటైన సాఫ్ట్‌వేర్ పనిలోకి కొత్తవాళ్లను దింపితే ఇంకా లేటవుతుందని అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించారు. 5 మంది ఉంటే మాట్లాడుకోవాల్సిన జతలు 10, అదే 10 మంది అయితే 45. పైగా వాళ్లకు పని నేర్పేది ఇప్పటికే తలమునకలైనవాళ్లే. కాబట్టి ఇంకా మనుషులు కావాలని అడిగే ముందు గడువు గురించి క్లయింటుతో మాట్లాడండి. ఆ ఫోన్ మీరే చేయాలి, టీమ్ లీడ్ మీదికి నెట్టకండి.