గాయం తీరును బట్టి తోడు జబ్బు

అందరికీ నమస్కారం.

ప్రమాదం నుంచో, యుద్ధం నుంచో, అత్యాచారం నుంచో బయటపడిన మనిషి పీడకలలతో వైద్యులమైన మన దగ్గరికి వస్తే పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం మనసుకు చేసిన గాయం వల్ల వచ్చే రుగ్మత) అని రాసుకుని ఆగిపోతుంటాం. 1990లలో అమెరికాలో జరిగిన జాతీయ సర్వేలో, పీటీఎస్‌డీ ఉన్న మగవాళ్లలో 88 శాతం మందికి, ఆడవాళ్లలో 79 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మరో మానసిక రుగ్మత కూడా ఉన్నట్టు తేలింది. కాబట్టి రెండో జబ్బు లేదని నిర్ధారించుకునేదాకా ఉందనే అనుకోవాలి. ఎక్కువగా కనిపించేది డిప్రెషన్. ఆపైన దేనికోసం వెతకాలో గాయం తీరు చెబుతుంది.

యుద్ధం నుంచి వచ్చినవాళ్లలో మద్యం గురించి తప్పకుండా అడగాలి. తాగితే త్వరగా నిద్ర పడుతుంది. తెల్లవారుజామున మత్తు దిగేసరికి నిద్ర చెదిరిపోతుంది. దాంతో మర్నాడు ఇంకాస్త తాగుతారు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. రోజూ బాగా తాగే మనిషి మానేసిన కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. చూడటానికి అచ్చం పీటీఎస్‌డీ ఉలికిపాటులా ఉంటాయి. అలా పొరబడితే తర్వాత వచ్చే మూర్ఛ ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఆఖరిసారి ఎప్పుడు తాగారో గంటలతో సహా రాసుకోండి. ఒక్కసారిగా మానేయమని చెప్పకండి. మద్యం పూర్తిగా మానేస్తేనే ట్రామాకు, అంటే మనసుకు తగిలిన గాయానికి, చికిత్స అనే షరతు కూడా సరికాదు, రెండూ కలిపి నడపవచ్చు.

రోడ్డు ప్రమాదమైతే తలకు దెబ్బ తగిలిందేమో చూడాలి. చిరాకు, మతిమరుపు పీటీఎస్‌డీలోనూ, మెదడు దెబ్బలోనూ ఉంటాయి. తలనొప్పి, కళ్లు తిరగడం, వెలుతురు భరించలేకపోవడం మెదడు దెబ్బ వైపు చూపిస్తాయి.

కళ్లెదుటే అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లలో భయం కంటే పోయిన మనిషి మీది తపన ఎక్కువగా ఉండి, ఆరు నెలలు దాటినా తగ్గకపోతే దీర్ఘకాలిక శోక రుగ్మత గురించి ఆలోచించాలి.

చిన్నతనంలో ఏళ్ల తరబడి హింసకు గురైనవాళ్ల సంగతి వేరు. ఉద్వేగం అదుపు తప్పడం, తాను పనికిరాననే భావన, ఎవరితోనూ బంధం నిలవకపోవడం పీటీఎస్‌డీ లక్షణాలతో కలిసి ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ అయిన ఐసీడీ-11 దాన్ని సంక్లిష్ట పీటీఎస్‌డీ అంటుంది. వీళ్లకు వ్యక్తిత్వ లోపమని ముద్ర వేసి పంపేయడం నన్ను బాధపెడుతుంది.

మందుల విషయానికొస్తే, నిద్ర కోసం బెంజోడయాజెపైన్లు (మత్తు కలిగించి ఆందోళన తగ్గించే మాత్రలు) వద్దు. పీటీఎస్‌డీని తగ్గించవు, పైగా అలవాటవుతాయి, మద్యంతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. డిప్రెషన్‌కూ, పీటీఎస్‌డీకీ వాడే సెర్ట్రలీన్ మొదలుపెట్టే ముందు, గతంలో నిద్ర లేకపోయినా రోజుల తరబడి హుషారుగా ఉన్న దశ ఉందా అని అడగండి. బైపోలార్ (అతి హుషారు, కుంగుబాటు దశలుగా వచ్చే జబ్బు) ఉంటే ఆ మందుతో ఉన్మాదం రావచ్చు.

ఇక గాయం ఏదైనా, చనిపోవాలనిపిస్తోందా అని ప్రతి ఒక్కరినీ సూటిగా అడగాలి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఆ రోజు ఒంటరిగా పంపకండి.