ఛాలెంజర్ కొనేముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి

కార్తీక్: అందరికీ నమస్కారం. ఇవాళ్టి ఎపిసోడ్ కాస్త స్వార్థంతోనే చేస్తున్నాను. నాకు డాడ్జ్ ఛాలెంజర్ అనే అమెరికన్ కారు మీద మనసు పడింది. డాలస్ నుంచి శ్రీధర్ అన్న మనతో ఉన్నారు, ఆరేళ్లుగా ఆ బండే నడుపుతున్నారు. అన్నా, కొనొద్దని మాత్రం అనకండి.

శ్రీధర్: నేనెందుకంటాను? ఆ మాట మీ ఆవిడ అంటుంది. నేను అడిగేది ఒక్కటే. నీకు నచ్చింది ఆ రూపమా, ఆ శబ్దమా?

కార్తీక్: రెండూ అంటే?

శ్రీధర్: అంటే జేబు గట్టిగానే ఉండాలి. రూపం ఏ ఛాలెంజర్‌కైనా ఒకటే. 1970 నాటి బండిని ఎదురుగా పెట్టుకుని గీసినట్టు 2008లో దీన్ని తెచ్చారు. తాత ముక్కు మనవడికొచ్చినట్టు ఉంటుంది. 2015లో ముందు గ్రిల్‌ను, వెనక లైట్లను రెండు ముక్కలుగా విడదీసి 1971 మోడల్ పోలిక తెచ్చారు. ఆటోమేటిక్‌లో 8 గేర్లు వచ్చింది కూడా అప్పుడే. నన్నడిగితే 2015 తర్వాతవే చూడు.

కార్తీక్: పాతవి చవగ్గా దొరుకుతున్నాయి కదా?

శ్రీధర్: దొరుకుతాయి. కానీ 2008 నుంచి 2010 దాకా వచ్చిన వాటికి టకాటా వాళ్లు చేసిన ఎయిర్‌బ్యాగ్ రికాల్, అంటే లోపం ఉంది మార్చుకోండన్న పిలుపు, ఉంది. అది మార్పించేదాకా నడపొద్దని 2022లో కంపెనీయే చెప్పింది. ఏ సంవత్సరం బండైనా వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబర్ కొట్టి రికాల్స్ చూసుకున్నాకే బేరం మొదలుపెట్టు. ఇక కొత్తది కావాలన్నా లేదు. కెనడాలోని బ్రాంప్టన్ ప్లాంట్‌లో 2023 డిసెంబర్‌తో ఆపేశారు.

కార్తీక్: సరే, రూపం అయిపోయింది. శబ్దం?

శ్రీధర్: అది వీ8కే, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌కే ఉంది. 3.6 లీటర్ల వీ6 305 హార్స్‌పవర్ ఇస్తుంది. మామూలు పెట్రోల్ పోసుకోవచ్చు, హైవే మీద గ్యాలన్‌కు 30 మైళ్ల దాకా వస్తుంది. రోజూ ఆఫీసుకు అదే హాయి. కానీ ట్రాఫిక్ లైట్ దగ్గర పక్క కారు వాడు అద్దం దించి చూడడు! వీ8 మోడళ్లలో 5.7 లీటర్ల ఆర్/టీ 370 పైన, 6.4 లీటర్ల స్కాట్ ప్యాక్ 485. స్కాట్ ప్యాక్ ప్రీమియం పెట్రోలే అడుగుతుంది. సిటీలో మైలేజీ 15 అనుకో.

కార్తీక్: వాటికన్నా పెద్ద మోడల్ హెల్‌క్యాట్ సంగతో?

శ్రీధర్: 707 హార్స్‌పవర్‌తో మొదలై ఇంకా పైకి పోయింది. దానికి రెండు తాళంచెవులు ఉంటాయి. నల్లదాంతో 500 హార్స్‌పవరే వస్తుంది, ఎర్రదాంతో మొత్తం. అమ్మేవాడు ఒక్కటే చేతిలో పెడితే రెండోది ఏదని అడుగు. కానీ ఇంట్లో ఉన్నది ఒకే కారైతే దాని జోలికి పోకు.

కార్తీక్: నడపడానికి ఎలా ఉంటుంది? స్పోర్ట్స్ కారులాగా?

శ్రీధర్: అబ్బే. అక్కడే చాలామంది పొరబడతారు. ఇది డాడ్జ్ వాళ్లదే అయిన ఛార్జర్ సెడాన్‌కు దగ్గరి చుట్టం. వీ8 అయితే 4,000 పౌండ్లు దాటుతుంది. మలుపుల రోడ్డు మీద షెవర్లే కమారోతో పోటీ పెట్టుకున్నావా, పరువు పోతుంది. అదే డాలస్ నుంచి హ్యూస్టన్‌కు వెళ్లి చూడు, సోఫాలో కూర్చున్నట్టే. డిక్కీలో రెండు పెద్ద సూట్‌కేసులు పడతాయి. నేను దీన్ని అమ్మకపోవడానికి అసలు కారణం స్పీడు కాదు, ఈ సుఖం.

కార్తీక్: వెనక సీటు?

శ్రీధర్: ఉంది. కానీ తలుపులు రెండే. పిల్లాడి సీటు బిగించాలంటే ముందు సీటు వంచి, నడుం వంచి లోపలికి దూరాలి. మా వాడు చిన్నప్పుడు మీ వదిన రెండు వారాలు చేసి తాళాలు నా చేతిలో పెట్టేసింది. తలుపులు కూడా ఇంత పొడుగు. శనివారం సాయంత్రం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో తీయాలంటే పక్కవాడు వెళ్లేదాకా ఆగాలి.

కార్తీక్: ఇంతకీ కొనేటప్పుడు ఏం చూడాలి?

శ్రీధర్: బండి చూడ్డానికి వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందా, ఆ రోజుకు వచ్చెయ్. నేను మొదట చూసిన ఆర్/టీ ఊరి బయట ఒక డీలర్ దగ్గర. నేను వెళ్లేసరికే ఇంజిన్ తిరుగుతోంది. 'మీకోసం ఏసీ వేసి ఉంచాం సార్' అన్నాడు. ఎంత మర్యాద అనుకున్నాను. మర్నాడు పొద్దున చెప్పకుండా వెళ్లి స్టార్ట్ చేయించాను. టిక్ టిక్ టిక్‌మని కుట్టుమిషన్ మొదలైంది.

కార్తీక్: ఏమిటది?

శ్రీధర్: హెమీ అనే ఈ వీ8 ఇంజిన్లలో పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ బోల్టులు విరుగుతాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ తన్ని శబ్దం వస్తుంది. లోహం వేడెక్కి వ్యాకోచించాక సందు మూసుకుని శబ్దం ఆగిపోతుంది. ఇదైతే బేరమాడి ధర తగ్గించుకోవచ్చు. వేడెక్కినా టిక్కుటిక్కుమంటూనే ఉంటే మాత్రం లోపల వాల్వులను కదిలించే లిఫ్టర్ పోయి క్యామ్‌షాఫ్ట్‌ను అరగదీస్తోందేమోనని అనుమానించాలి. వేల డాలర్ల పని. మెకానిక్‌కు చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వకు.

కార్తీక్: టెన్షన్ పెడుతున్నారన్నా.

శ్రీధర్: ఇంకా ఉంది. దొంగలకు కూడా ఈ బండి మహా ఇష్టం. బీమా రంగం వాళ్లు దొంగతనాల లెక్కలు తీస్తే డాడ్జ్ వీ8లు పైవరసలో ఉన్నాయి. అందుకే ముందు ఇన్సూరెన్స్ కోట్ తెప్పించుకో, ఆ తర్వాతే రంగు సంగతి.

కార్తీక్: ఊదా రంగు, ప్లమ్ క్రేజీ. నిర్ణయమైపోయింది. ఒక శ్రోత అడిగారు, దీన్ని హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా అని.

శ్రీధర్: ఆ ఆలోచన వద్దు. కంపెనీ కుడివైపు స్టీరింగ్‌తో దీన్ని చెయ్యనేలేదు. అక్కడ అలాంటి కారు కావాలంటే పాత ఫోర్డ్ మస్టాంగ్ వెతుక్కోవాలి, 2016లో దాన్ని కుడి స్టీరింగ్‌తోనే ఇండియాలోకి తెచ్చారు. నువ్వెప్పుడు చూస్తున్నావు?

కార్తీక్: శనివారం పొద్దున ఎనిమిదింటికి. 2019 ఆర్/టీ.

శ్రీధర్: మీ ఆవిడను కూడా తీసుకెళ్లు. వెనక సీట్లో ఓసారి కూర్చోబెట్టు.

కార్తీక్: తను డ్రైవింగ్ సీట్లోనే కూర్చుంటానంటోంది.

శ్రీధర్: అయితే కోట్ ఇద్దరి పేర్ల మీదా తీసుకో.