రేడియేషన్ నడుస్తుండగా పసుపు: తోడా, అడ్డా?

యాంకర్: నమస్కారం. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య క్యాన్సర్ నుంచి బయటపడ్డారంటూ పసుపు, వేప, నిమ్మ ఉన్న ఆహార నియమం గురించి చెప్పారు. అది క్యాన్సర్‌ను నయం చేస్తుందనడానికి ఆధారాల్లేవని టాటా మెమోరియల్ ఆసుపత్రి ప్రస్తుత, పూర్వ క్యాన్సర్ వైద్యులు 262 మంది ప్రకటన ఇచ్చారు. ఆ వాదన మన ఇళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది. ఇవాళ అందరికీ సమాన సమయం. మేడమ్, పసుపు తోడా, అడ్డా?

రేడియేషన్ వైద్యురాలు: కూరలో వేసే పసుపుతో మాకు పేచీ లేదు. ఆవిడ ఆపరేషన్, కీమో కూడా చేయించుకున్నారు. జనం చెవిన పడింది మాత్రం వేపాకొక్కటే! అసలు భయం పసుపు గుళికలతో, విటమిన్ మాత్రలతో...

ఆయుర్వేద వైద్యుడు: మేడమ్, ఒక్క మాట...

రేడియేషన్ వైద్యురాలు: పూర్తి చేయనివ్వండి. రేడియేషన్ పడినచోట ఫ్రీ రాడికల్స్ పుట్టి క్యాన్సర్ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. ఈ గుళికల్లో, మాత్రల్లో ఉండే యాంటీఆక్సిడెంట్ల పని ఆ ఫ్రీ రాడికల్స్‌ను అణచడమే. కెనడాలో 540 మంది తల, మెడ క్యాన్సర్ రోగుల మీద విటమిన్ ఇ, బీటా కెరోటిన్ పరీక్షించి 2005లో ఫలితాలిచ్చారు. రేడియేషన్ వల్ల వచ్చే బాధలు కొంత తగ్గాయి, క్యాన్సర్ తిరగబెట్టడం మాత్రం పెరిగే సూచన కనిపించింది.

యాంకర్: అంటే పసుపు అడ్డే అంటారా?

ఆయుర్వేద వైద్యుడు: అది విటమిన్ మాత్రల సంగతండీ, పసుపు సంగతి కాదు! రొమ్ము క్యాన్సర్‌లో చర్మం కమిలిపోకుండా పసుపు సారం...

రేడియేషన్ వైద్యురాలు: 30 మంది మీద చేసిన చిన్న పరీక్షలో బాగుందన్నారు. 600 మందికి పైగా చేసేసరికి తేడా తేలలేదు.

ఆయుర్వేద వైద్యుడు: మరి యోగా? 2014లో అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు రేడియేషన్ తీసుకుంటున్న 163 మంది ఆడవాళ్ల మీద...

రేడియేషన్ వైద్యురాలు: యోగాను నేనూ రాస్తాను. అది చికిత్సకు పక్కన. దాని బదులుగా కాదు!

యాంకర్: పసుపు దగ్గరికి వద్దాం...

రోగి కుమారుడు: నాన్నగారికి గొంతు క్యాన్సర్ అండీ, ఏడు వారాల రేడియేషన్. మూడో వారానికల్లా నోరంతా పూత. పెరుగన్నం కూడా మంటే. బరువు తగ్గి, రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా బిగించే మాస్కు వదులైపోతే మళ్లీ కొత్తది చేశారు. ఆకలి గురించి ఎవరిని అడగాలో మాకు తెలియలేదు.

రేడియేషన్ వైద్యురాలు: నేను మొత్తుకునేది అదే! మాస్కు వదులైతే గురి తప్పుతుంది. గ్రుడ్డు, పప్పు, మెత్తటి జావ, అవసరమైతే ముక్కు గొట్టం. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో పుక్కిలించాలి. నోటిపూతకు తేనె వాడొచ్చని 2020 అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది.

ఆయుర్వేద వైద్యుడు: చూశారా, తేనె! మేమెప్పటినుంచో...

రేడియేషన్ వైద్యురాలు: షుగరున్నవాళ్లు జాగ్రత్తండీ. లాలాజలం తగ్గిన నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి. వీటన్నిటికంటే పెద్దది గుట్కా...

యాంకర్: గుట్కా మీద వేరే కార్యక్రమం పెడదాం. పసుపు...

రేడియేషన్ వైద్యురాలు: వేరే ఎందుకు? నా దగ్గరికి వచ్చే నోటి క్యాన్సర్లలో ఎక్కువ పొగాకువే. ఆకుపసరు కోసం ఊరెళ్లి మధ్యలో వారం మానేస్తారు. ఈ క్యాన్సర్లలో రేడియేషన్ అనుకున్న గడువు దాటి ఒక్కరోజు సాగినా గెలుపు అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుంది.

ఆయుర్వేద వైద్యుడు: వాళ్లెందుకు దాస్తారో అడిగారా? ఏం వాడుతున్నావని అడగరు, చెప్తే తిడతారు. మా దగ్గరికొచ్చి రిపోర్టులు దాచేస్తారు. ఇద్దరం ఒకే ఓపీలో కూర్చుంటే...

రేడియేషన్ వైద్యురాలు: కూర్చుందాం, ఆధారాలు తెండి!

రోగి కుమారుడు: మేడమ్, నాన్నగారు పసుపు గుళికలు వేసుకునేవారు. అది మంచిదేనా కాదా?

రేడియేషన్ వైద్యురాలు: రేడియేషన్ ముగిసేదాకా ఏ గుళికైనా నాకు చూపించాకే. రాసుకోండి!

యాంకర్: సమయం అయిపోయింది. మేడమ్ చెప్పినట్టు గుళికలు చూపించాకే వాడండి.

ఆయుర్వేద వైద్యుడు: ఓపీ సంగతికి జవాబు రాలేదండీ...

యాంకర్: మళ్లీ కలుద్దాం సార్.